పెట్ట రంగు ఎవరి కోసం?

(డిగ్రీ జంతుశాస్త్ర విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే దండం పెట్టుకుంటాం కదా. మొన్న దసరాకి మీరు చూసిన పాలపిట్ట ఆడదా, మగదా? ముందు వరుసలో వాళ్లు చెప్పండి.

ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. రెక్క విప్పగానే మెరిసే ఆ రెండు రకాల నీలం ఆడదానికీ మగదానికీ ఒక్కలాగే ఉంటుంది. లకుముకి పిట్ట కూడా అంతే. రామచిలుకలో కొంచెం తేడా తెలుస్తుంది: పెద్దయిన మగ చిలుకకి మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు పట్టీ ఉంటుంది, ఆడదానికి ఉండదు. నెమలి గురించి చెప్పక్కర్లేదు.

మన పాఠ్యపుస్తకాల్లో చోటంతా నెమలిదే. మగనెమలికి అంత పింఛం ఎందుకు? ఆడనెమలి మెచ్చి ఎంచుకుంటుంది కాబట్టి. బాగుంది, పరీక్షలో రాసేస్తాం. మరి ఆడ పాలపిట్టకి అంత నీలం ఎందుకు? దాన్ని ఎవరు మెచ్చుకోవాలి? ఆ ప్రశ్న మన పుస్తకాల్లో కనిపించదు. శాస్త్రవేత్తలు కూడా వందేళ్లకు పైగా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ నేను దాని గురించే మాట్లాడతాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట, గోదావరి జిల్లాలో వరి చేల గట్ల మీద పక్షులు చూడటం అప్పుడప్పుడే మొదలుపెట్టాను. ఒక సాయంత్రం నీళ్లు నిలిచిన చేలో ఉల్లంకిలా పొడవు ముక్కున్న రెండు పిట్టలు కనిపించాయి. ఇంగ్లీషులో పెయింటెడ్ స్నైప్ అంటారు. ఒకదానికి మెడా రొమ్మూ ముదురు ఇటుక రంగు. కంటి చుట్టూ తెల్లటి సున్నం గీసినట్టు ఒక మచ్చ, అది వెనక్కి తోకలా సాగి ఉంది. భుజం మీదుగా తెల్ల పట్టీ. రెండోది బూడిద, గోధుమ రంగులు కలిసిన పిట్ట. రెక్కల నిండా లేత పసుపు చుక్కలు. బురదలో కదలకుండా నిలబడితే కనిపించనే కనిపించదు. నేను నోట్‌బుక్ తీసి రాసుకున్నాను: ‘రంగులది మగ, రెండోది ఆడ.’ రెండోసారి ఆలోచించలేదు.

ఆ చేలో నీళ్లు కట్టడానికి వచ్చిన పెద్దాయన ఒకాయన ఏం చూస్తున్నారని అడిగితే చెప్పాను. ఆయన, ‘కాదండీ, ఆ ఎర్రమెడదుంది చూశారూ, అది గూటి కాడికి రాదండి. గుడ్ల మీద కూచునేదల్లా ఆ చుక్కలదే. ఏటా చూస్తానే ఉన్నాం కదండీ’ అన్నారు. గుడ్ల మీద కూచుంటుంది కాబట్టి చుక్కలదే ఆడదని ఆయన లెక్క. నాదీ అదే లెక్క. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే తెలిసింది, ఇద్దరం తప్పే. ఇటుక రంగు మెడది ఆడపక్షి. గుడ్ల మీద కూచునేది మగపక్షి. ఆడది సాధారణంగా నాలుగు గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, వీలైతే ఇంకో మగపక్షితో జతకడుతుంది. పొదగడం, పిల్లల్ని తిప్పుకోవడం అంతా మగదే. ఆయన చూసింది నూటికి నూరుపాళ్లు నిజం. మా ఇద్దరి పొరపాటూ ఒకటే: రంగుంటే మగది, గుడ్డు మీద కూచుంటే ఆడది అని ముందే తీర్మానం చేసుకుని చూశాం.

ఆ పొరపాటు చరిత్ర చాలా పాతది. అందులో మన ప్రాంతం కూడా ఉంది. కలివికోడి పేరు మీకు తెలుసు. దాన్ని శాస్త్రలోకానికి మొదట చూపించిన టి.సి. జెర్డన్ డాక్టరు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆయన 1860లలో భారతదేశపు పక్షుల మీద రాసిన పుస్తకంలో బటన్ క్వెయిల్ అనే చిన్న పిట్ట గురించి ఒక వివరం ఉంది. చూడటానికి పూరేడులా ఉంటుంది. వీటిలో ఆడదే పెద్దది, గొంతూ రొమ్మూ నల్లగా ఉండేదీ ఆడదానికే. ఆనాడు కర్నాటిక్ అని పిలిచిన ప్రాంతంలో వేటగాళ్లు వీటిని ఎలా పట్టేవారో ఆయన చూసి రాశాడు. ఒక చిన్న పంజరంలో ఒక ఆడపిట్టను పెట్టి పొదలో దాస్తారు. పంజరం ఊచల మధ్య ఒక దారం కట్టి ఉంటుంది. లోపలి పిట్ట గుర్రుమని కూత పెడుతుంది, అది చాలా దూరం వినిపిస్తుంది. ఆ కూత వినగానే చుట్టుపక్కల ఉన్న ఆడపిట్టలు పరిగెత్తుకుంటూ వచ్చి పంజరం మీద పడి పొడుస్తాయి. దారం తెగుతుంది, మూత పడుతుంది, చిన్న గంట మోగుతుంది. వేటగాడు వచ్చి పిట్టను సంచిలో వేసుకుంటాడు. ఒక్కరోజులో 12 నుంచి 20 దాకా దొరికేవట. దొరికినవన్నీ ఆడవే. వాటిలో చాలావాటికి గుడ్లు సిద్ధంగా ఉండేవి, వేటగాడు జెర్డన్ ఇంటికి చేరేలోపు ఎనిమిదో పదో పిట్టలు సంచిలోనే గుడ్లు పెట్టేసిన రోజులు కూడా ఉన్నాయని రాశాడు.

ఆ సంచి గురించి చదివినప్పుడల్లా నాకు మనసు ఆగిపోతుంది. గుడ్డు పెట్టబోయే క్షణంలో కూడా తన హద్దులో ఇంకో ఆడపిట్ట కూత వినిపిస్తే ఊరుకోలేకపోయింది ఆ పిట్ట. దాని నల్లటి గొంతు ఏ పోటీ కోసమో అర్థం చేసుకోవడానికి అంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి?

ఈ వివరాన్ని చార్లెస్ డార్విన్ 1871లో లైంగిక వరణం (జత కోసం జరిగే పోటీ, ఎంపిక వల్ల లక్షణాలు మారడం) మీద రాసిన తన గ్రంథంలో ఉదహరించాడు. అంటే ఆడపక్షులు పోటీ పడతాయని డార్విన్‌కి తెలుసు. కానీ వాటిని తలకిందులైన కొన్ని మినహాయింపులుగా పక్కన పెట్టాడు. మిగతా వేల జాతుల్లో ఆడపక్షికి రంగు ఉంటే, అది తండ్రి ఆస్తిలో వాటా వచ్చినట్టు మగదాని నుంచి వారసత్వంగా వచ్చిందే తప్ప దానికి వేరే పనేమీ లేదన్నాడు. ఆయన కాలపు ఇంకో పరిణామ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వాలెస్ ఒప్పుకోలేదు. ఆడపక్షి రంగును గూడు నిర్ణయిస్తుందని ఆయన వాదన. బయట గిన్నెలాంటి గూట్లో కూచునే పెట్టకి రంగుంటే గద్ద కంట పడుతుంది, అందుకని ప్రకృతి వరణం, అంటే బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరాల మీద మిగలడం, ఆ రంగును తుడిచేసింది. తొర్రలో, బొరియలో గూడు పెట్టే వాటికి ఆ భయం లేదు. మన పాలపిట్ట తొర్రలో, లకుముకి గట్టు బొరియలో గుడ్లు పెడతాయి. వాలెస్ మాటకి సరిగ్గా సరిపోయే ఉదాహరణలు ఇవి. రంగు ఎందుకు పోలేదో ఈ వాదన చెప్తుంది. అసలు ఎందుకు ఉండాలో మాత్రం చెప్పదు.

తర్వాత జన్యుశాస్త్రం వచ్చింది. 1980లో రస్సెల్ లాండే అనే శాస్త్రవేత్త ఆడా మగా చాలావరకు ఒకే జన్యువులను పంచుకుంటాయి కాబట్టి, ఒకదానిలో పెరిగిన అలంకారం రెండోదానిలోకి కొంత పాకుతుందని, రెండూ విడిపోవడానికి చాలా తరాలు పడుతుందని లెక్కకట్టి చూపించాడు. లెక్క సరైనదే. కానీ దాన్ని చాలామంది, ‘ఆడపక్షి రంగు గురించి ఇక అడగడానికి ఏమీ లేదు’ అన్నట్టు వాడుకున్నారు.

ఇక్కడ హార్మోన్ల సంగతి చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒకసారి ఒక కోడిపెట్ట కూత పెట్టింది. అచ్చం పుంజులాగే, మెడ సాచి. నెత్తి మీద జుట్టు కూడా పెరిగి ఎర్రబడింది. ఇంట్లో అందరికీ టెన్షన్. ‘పెట్ట కూస్తే ఇంటికి అరిష్టం’ అని అమ్మమ్మ దాన్ని ఆ పూటే కోయించింది. ఆ పెట్టకి జరిగింది ఏమిటో నాకు కాలేజీలో గానీ తెలియలేదు. కోడిపెట్టలో ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. అది జబ్బు పడినా ముసలిదైపోయినా ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోతుంది, పెట్టలో పుంజు లక్షణాలు బయటికొస్తాయి. లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ 1780లోనే ఇలాంటి సంగతి రాశాడు: ఎన్నోసార్లు పిల్లల్ని చేసిన ఒక పెంపుడు ఆడనెమలికి ముసలితనంలో ఈకలు రాలి, మగనెమలి ఈకలు వచ్చాయి.

దీనర్థం ఏమిటో కాస్త ఆగి ఆలోచించండి. కోళ్లు, నెమళ్లు, బాతుల్లో ఆ మెరిసే ఈకలు రావడానికి మగ హార్మోన్ అక్కర్లేదు. ఈస్ట్రోజన్ లేకపోతే చాలు, వస్తాయి. ఆడపక్షి ఒంట్లోని ఈస్ట్రోజనే ఆ మెరుపును ఆపి మట్టిరంగు ఈకలు తొడుగుతుంది. మనం ‘సాదా’ అనుకున్న ఆ గోధుమ రంగు పరిణామంలో పనిగట్టుకుని తయారైన దుస్తు. వంశవృక్షాలు గీసి చూసినవాళ్లు కూడా ఇదే రకం మాట చెప్పారు. అమెరికా ఖండాల బ్లాక్‌బర్డ్ కుటుంబం మీద 1994లో రెబెకా ఇర్విన్ చేసిన పరిశీలనలో ఆడా మగా రంగు తేడాలు చాలావరకు ఆడపక్షుల రంగు మారడం వల్ల వచ్చాయని తేలింది. మనం ఇన్నాళ్లూ మగపక్షి వైపే చూస్తూ కూచున్నాం, మార్పులు రెండోవైపు జరుగుతున్నాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పక్షి దగ్గరికి వస్తాను. ఎక్లెక్టస్ చిలుక. న్యూగినీ, సాలమన్ దీవులు, ఆస్ట్రేలియా ఉత్తరపు కొస అడవుల్లో ఉంటుంది. మగది ఆకుపచ్చ. ఆడది నెత్తురులాంటి ఎరుపు, పొట్ట నీలం. చాలాకాలం రెండూ వేరువేరు జాతులనుకుని వేరువేరు పేర్లు పెట్టారు. 1874లో ఎ.బి. మేయర్ అనే జర్మన్ చెప్పేదాకా ఇవి భార్యాభర్తలని తెలియదు. విచిత్రం ఏమిటంటే, ఇక్కడ పెయింటెడ్ స్నైప్‌లోలా పనులు తారుమారు కాలేదు. గుడ్ల మీద కూచునేది ఆడదే. మరి రంగు దానికెందుకు?

రాబ్ హైన్‌సోన్, సారా లెగ్ అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్ దగ్గర అడవిలో ఏళ్ల తరబడి చెట్లెక్కి చూశారు. జాన్ ఎండ్లర్‌తో కలిసి 2005లో ‘సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు రాశారు. అసలు కిటుకు తొర్రలో ఉంది. ఆ అడవిలో పెద్ద చెట్లకి మంచి తొర్ర దొరకడం చాలా అరుదు. వాన పడితే నీళ్లు నిండిపోయే తొర్రలే ఎక్కువ. పొడిగా ఉండే తొర్ర దొరికిన ఆడచిలుక దాన్ని వదలదు, ఏడాదిలో చాలా నెలలు దాని నోటి దగ్గరే కాపలా ఉంటుంది. ఎర్రటి తల బయటపెట్టి కూచుంటే దూరం నుంచే తెలుస్తుంది: ఈ ఇంట్లో మనిషి ఉన్నారు. తొర్ర కోసం ఆడచిలుకలు కొట్టుకుంటాయి, కొన్నిసార్లు ప్రాణాలు పోయేదాకా. గద్ద వస్తే లోపలికి దూకేస్తుంది కాబట్టి ఎరుపు వల్ల దానికి పెద్ద ప్రమాదం లేదు. మగచిలుక సంగతి వేరు. అది రోజంతా అడవిలో పండ్లు ఏరి తెచ్చి ఆడదానికి పెట్టాలి. ఒక్కో ఆడదానికి తిండి తెచ్చే మగవి ఐదు దాకా ఉంటాయి. అంత తిరిగే పక్షి ఆకుల్లో కలిసిపోవాలి, అందుకే ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చలో అతినీలలోహిత కాంతి కూడా ఉంది, అది చిలుకల కంటికి బాగా కనిపిస్తుంది, గద్ద కంటికి అంతగా ఆనదు.

ఆడచిలుక ఎరుపు మగదాని నుంచి పాకిన రంగు కాదని ఇక్కడ సందేహం లేకుండా తెలుస్తోంది, ఎందుకంటే మగదానికి ఆ ఎరుపు లేనే లేదు. ఇల్లు దొరకని చోట ఇల్లు నిలుపుకోవడానికి ఆడపక్షి సంపాదించుకున్న రంగు అది. మేరీ జేన్ వెస్ట్-ఎబర్‌హార్డ్ 1983లో ఒక మాట చెప్పారు: జత కోసం చేసే పోటీ ఒక్కటే కాదు, తిండి కోసం, చోటు కోసం, గుంపులో స్థానం కోసం చేసే పోటీ కూడా అలంకారాలను పెంచగలదని. దాన్ని సామాజిక వరణం అన్నారు. ఆడపక్షుల్ని అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకన్నా పనికొచ్చిన ఆలోచన ఇంకోటి లేదు. అమెరికన్ గోల్డ్‌ఫించ్ అనే చిన్న పసుపు పిట్ట ఉంది. పిల్లలు చేసే కాలంలో దాని ముక్కు నారింజ రంగుకి తిరుగుతుంది. ట్రాయ్ మర్ఫీ, ఆయన తోటివాళ్లు గింజలు పెట్టిన చోట ఆడపిట్ట బొమ్మ ఉంచి ముక్కుకి రంగు ఎక్కించారు. ముక్కు బాగా రంగుగా ఉన్న బొమ్మ పక్కన తినడానికి మిగతా ఆడపిట్టలు జంకాయి. అంటే ఒక ఆడపిట్ట ఇంకో ఆడపిట్టకి ముక్కుతోనే ‘జాగ్రత్త’ అని చెప్తోంది.

అలాగని మగపక్షులు ఆడవాటిని చూసి ఎంచుకోవా అంటే, ఎంచుకుంటాయి. పిల్లల్ని ఇద్దరూ కలిసి పెంచే జాతుల్లో మగపక్షికి కూడా ఎవరితో జతకట్టాలన్నది చిన్న విషయం కాదు. అలాస్కా దీవుల్లో క్రెస్టెడ్ ఆక్లెట్ అనే సముద్రపక్షికి నుదుటి మీద ముందుకు వాలే తురాయి ఉంటుంది, ఆడా మగా ఇద్దరికీ. ఇయాన్ జోన్స్, ఫియోనా హంటర్ తురాయి పొడవు మార్చిన బొమ్మలు పెట్టి చూస్తే ఆడవీ మగవీ రెండూ పొడవు తురాయి బొమ్మల వైపే ఎక్కువ మొగ్గాయి. అది 1993 నాటి మాట. చలికాలంలో మన చెరువు గట్ల తుంగల్లోకి కూడా వచ్చే బ్లూత్రోట్ మీద నార్వేలో ట్రోండ్ అముండ్‌సెన్ బృందం 1997లో ఇలాంటిదే చూపించింది: గొంతు రంగు బాగా ఉన్న ఆడపిట్టల దగ్గరే మగవి ఎక్కువసేపు ఉన్నాయి. అన్నిచోట్లా కథ ఇంత సాఫీగా లేదు. అమెరికాలో హౌస్ ఫించ్ మగవి రంగున్న ఆడవాటినే కోరుకున్నా, రంగు వల్ల ఆ ఆడవాటికి పిల్లల విషయంలో ఒరిగిన లాభమేమీ జెఫ్రీ హిల్‌కి కనిపించలేదు. కాబట్టి లాండే లెక్కని చెత్తబుట్టలో వేయకూడదు. ఒక్కో జాతినీ విడిగా అడగాలి.

ఖర్చు సంగతి కూడా ఉంది. పసుపు, నారింజ రంగులిచ్చే కెరోటినాయిడ్లు పక్షి ఒంట్లో తయారు కావు, తిండిలోంచి రావాలి. ఆడపక్షికి అవే పచ్చసొనలోకీ కావాలి. ముక్కుకి పూసుకుందామా, గుడ్డులో పెడదామా అన్న లెక్క మగపక్షికి లేదు.

గుడ్లగూబ గురించి చెప్పకుండా ఉండలేను. తెల్లటి మొహంతో, పాడుబడిన గోడల్లో ఉండే బార్న్ ఔల్‌ని మన ఊళ్లలో అపశకునం అంటారు. ఒకసారి వలలో చిక్కుకున్న దాన్ని విడిపిస్తూ చేతిలో పట్టుకున్నాను. రొమ్ము మీద తెల్లటి మెత్తటి ఈకలు, ఒక్కో ఈక చివర ఆవగింజంత నల్ల చుక్క. ఆడవాటికి సాధారణంగా ఈ చుక్కలు ఎక్కువ, పెద్దవి. స్విట్జర్లాండ్‌లో అలెగ్జాండర్ రూలిన్ ఈ చుక్కల వెంటే ఏళ్ల తరబడి పనిచేశాడు. గూళ్ల మధ్య పిల్లల్ని మార్చి, ఎవరు పెంచినా సరే, చుక్కలు ఎక్కువున్న తల్లి కన్న పిల్లలకి రోగనిరోధక శక్తి బలంగా ఉందని చూపించాడు. ఆడదాని చుక్కలు కత్తిరించేస్తే మగది గూటికి తిండి తేవడం తగ్గించింది. ఆవగింజంత చుక్క!

ఇంకొక్క పక్షి. పనామాలో వైట్-నెక్డ్ జాకొబిన్ అనే తేనెపిట్ట లాంటి హమ్మింగ్‌బర్డ్. మగది నీలం, తెలుపు మెరుపులతో ఉంటుంది, ఆడది ఎక్కువగా మాసిన ఆకుపచ్చ. కానీ పెద్దయిన ఆడవాటిలో దాదాపు 20 శాతం అచ్చం మగవాటిలాగే ఉంటాయి. చిన్నప్పుడైతే అన్నిటికీ మగ రంగే. జే ఫాక్ బృందం 2021లో ఎందుకో చెప్పింది. మాసిన రంగు ఆడవాటిని మగవి వెంటబడి వేధిస్తాయి, తేనె దగ్గర తరిమేస్తాయి. మగరంగు ఆడవాటికి ఆ బాధ తక్కువ, తిండి దగ్గర ఎక్కువసేపు ఉండగలుగుతాయి. జత కోసం వేసుకున్న వేషమైతే ఈ రంగు పిల్ల పక్షులకి అక్కర్లేదు కదా. ప్రశాంతంగా తినడానికి వేసుకున్న రంగు ఇది. ఈ గదిలో ఉన్న అమ్మాయిలకి ఇది వేరే వివరించక్కర్లేదనుకుంటాను.

పాట కూడా అలంకారమే. పాడేది మగపక్షి అని మనం నేర్చుకున్నాం. 2014లో కారన్ ఓడమ్, ఆమె తోటి శాస్త్రవేత్తలు సమాచారం దొరికిన 323 పాటపక్షి జాతుల్ని చూస్తే 71 శాతం జాతుల్లో ఆడపక్షి కూడా పాడుతుంది. అన్నిటికీ మూలమైన పూర్వీకుల్లో కూడా ఆడవి పాడేవని వాళ్ల లెక్క తేల్చింది. మరి ఇంతకాలం ఎందుకు తెలియలేదు? చూసినవాళ్లలో ఎక్కువమంది యూరప్, ఉత్తర అమెరికాల్లో చూశారు, అక్కడ ఆడపక్షులు పాడటం తక్కువ. ఉష్ణమండలంలో, అంటే మన దగ్గర, ఏడాది పొడవునా హద్దు కాపాడుకునే జాతులు ఎక్కువ, అక్కడ ఆడవీ పాడతాయి, రంగూ వేసుకుంటాయి. 2015లో జేమ్స్ డేల్ బృందం సుమారు 6,000 జాతుల ఈకల రంగులు కొలిస్తే, ఉష్ణమండలపు పక్షుల్లో ఆడా మగా రెండూ ఎక్కువ రంగుతో ఉన్నట్టు తేలింది. మ్యూజియంలలో దాచిన పక్షుల మాటకొస్తే, నటాలీ కూపర్ బృందం 2019లో లెక్కపెట్టింది: ఆడ పక్షులు 40 శాతం. ఒక జాతికి పేరు పెట్టేటప్పుడు నమూనాగా ఎంచుకునే పక్షుల్లో అయితే 25 శాతమే.

ఇది మీ చేతిలో పని. మీరు పక్షి చూసినప్పుడు జాతి పేరు పక్కన ఆడా మగా రాయండి, తెలియకపోతే తెలియదని రాయండి, ఊహించి రాయకండి. ఆడది ఏం చేస్తుంటే చూశారో రాయండి: ఎవరిని తరిమింది, ఎక్కడ పాడింది, ఏ కొమ్మ వదల్లేదు. మన దగ్గర చెరువుల పక్కన, చేల మధ్య ఈ పని చేయడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు.

ఆ పాత నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. ‘మగ’ అని రాసింది కొట్టేసి పక్కన ‘ఆడ’ అని దిద్దాను. ఆ వారం మళ్లీ అదే చేను గట్టు మీదికి వెళ్లాను. చీకటి పడే వేళ, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు ‘ఊక్... ఊక్...’ అని ఒక కూత మొదలైంది. ఆడదే, పిలుస్తోంది. ఇవతల గడ్డిలో చుక్కల మగపిట్ట నాలుగు గుడ్ల మీద కదలకుండా కూచుని ఉంది. కూత చాలాసేపు వచ్చింది, మెల్లగా పక్క చేలోకి, తర్వాత ఇంకో చేలోకి జరుగుతూ.

ఇక మీ ప్రశ్నలు అడగండి.